టోక్యోలో ఒక్క పూటే ఉంటే: షిబుయానా, యనకానా?

ఈ రెండు పేటలూ యమనోతే రైలు మార్గం మీదే ఉన్నాయి. షిబుయాలో ఎక్కి నిప్పోరిలో దిగితే యనకా వచ్చేసినట్టే. మధ్యలో అరగంట ప్రయాణం, అంతే. కానీ దిగాక వేరే ఊరికి వచ్చినట్టు ఉంటుంది.

షిబుయా స్టేషన్ బయట చనిపోయిన యజమాని కోసం ఏళ్లతరబడి ఎదురుచూసిన హచికో కుక్క విగ్రహం, ఆ పక్కనే పేరుమోసిన కూడలి. సిగ్నల్ పడగానే అన్ని వైపుల నుంచీ జనం ఒకేసారి రోడ్డు దాటుతారు. ఒకసారి మీరూ దాటండి, ఆ ఊపు బాగుంటుంది. పైనుంచి చూడాలంటే 2019లో తెరిచిన షిబుయా స్కై అనే వ్యూ డెక్ ఉంది, 229 మీటర్ల ఎత్తు. టికెట్ ముందే బుక్ చేసుకోవడం మంచిది.

యనకా సంగతి వేరు. 1923 భూకంపాన్నీ, రెండో ప్రపంచయుద్ధం బాంబుల్నీ చాలావరకు తప్పించుకున్న పేట ఇది. అందుకే పాత చెక్క ఇళ్లు, లెక్కలేనన్ని చిన్న గుళ్లు, ఇరుకు సందులు ఇంకా మిగిలాయి. గుమ్మాల ముందు వరసగా పూలకుండీలు. శ్మశానవాటికలో చెర్రీ చెట్ల బాట, ఆ దగ్గర్లోనే జపాన్‌ను ఏలిన సైనిక పాలకుల్లో (షోగన్‌లలో) చివరివాడైన తొకుగవా యోషినోబు సమాధి. యూయాకే దాందాన్ మెట్లు దిగితే యనకా గింజా బజారు. మాంసం కొట్టులో మెంచి కట్సు కొనుక్కుని వేడివేడిగా తినాలి. పైన కరకర, లోపల జ్యూసీగా కీమా. శాకాహారులైతే సెన్‌బెయ్ బియ్యపు అప్పచ్చులు చూడండి, కొనేముందు దినుసులు అడగండి.

పిల్లలతో, షాపింగ్ కోసం వెళ్తే షిబుయానే. నన్నడిగితే మాత్రం యనకాయే. అయితే మధ్యాహ్నమే చేరుకోండి, అక్కడి కొట్లు పెందలాడే కట్టేస్తారు. షిబుయా దీపాలు ఎలాగూ రాత్రికి వెలుగుతూనే ఉంటాయి.