కిరణ్ చెక్క మోడల్: సీటు ఒక్కటే పెట్టి పంపారు

దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ కోర్స్‌మేట్లం కలుస్తున్నామని హెచ్‌ఏఎల్ కిరణ్ విమానం చెక్క మోడల్ ఒకటి ఆన్‌లైన్‌లో చేయించాను. షాపు పేరు రాయను, తప్పు చేసినా చివరికి సరిదిద్దారు కాబట్టి. 1:32 స్కేలు, పదిన్నర మీటర్ల విమానం 33 సెంటీమీటర్లకు వచ్చింది, 4,800 రూపాయలు. ప్యాకింగ్ గట్టిగా ఉంది, రెక్కలు నున్నగా ఉన్నాయి, ఆ బొద్దు ముక్కు చూడగానే హకీంపేట టార్మాక్ మీద ఎండ, ఇంధనం వాసన గుర్తొచ్చాయి.

కానీ కానపీలోకి, అంటే కాక్‌పిట్ మీది అద్దం మూతలోకి చూస్తే నడిమధ్యన సీటు ఒక్కటే! 1964లో మొదటిసారి ఎగిరిన ఈ జెట్‌ని ట్రైనింగ్ కోసమే చేశారు, ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలి. ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉంటాడు కాబట్టి విమానాన్ని నడిపే స్టిక్ మీద మన చెయ్యి బిగుసుకుపోవడం ఆయనకి కనిపించిపోతుంది. మా సార్ తిట్టేవారు కాదు, చెక్‌లిస్టుతో గ్లవ్ మీద ఒక్కటేసేవారు, అంతే. ఒంటరిగా ఎగరాల్సిన సోలో రోజు ఆయన దిగిపోయి, తన సీటు బెల్టులు స్టిక్‌కి తగలకుండా బిగించి, ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్లిపోయారు. డౌన్‌విండ్‌లో, అంటే దిగేముందు రన్‌వేకి సమాంతరంగా ఎగిరేటప్పుడు, రెండుసార్లు ఆ ఖాళీ సీటు వైపు చూశాను, నిజానికి అప్పుడు చూడాల్సినవి వేరే చాలా ఉంటాయి.

ఫోటో పెట్టి అడిగితే "చిన్న తేడా సార్, ఎవరూ గమనించరు" అన్నారు. గదినిండా పైలట్లుంటే గమనించరా! మళ్లీ ఫోన్ చేశాక ఒప్పుకుని 12 రోజుల్లో రెండు సీట్లతో కొత్తది పంపారు, కొరియర్ ఖర్చు వాళ్లదే. అయిదుకి మూడున్నర ఇస్తాను.

కలిసినరోజు ఒకడు ల్యాండింగ్ గేర్ తలుపులు తప్పన్నాడు, ఇంకొకడు కాదన్నాడు, భోజనాలు చల్లారిపోయాయి. అందరికంటే ఎక్కువసేపు మోడల్ చేతిలో పట్టుకున్నవాడు మాత్రం కిరణ్ దాకా రానేలేదు, దానికంటే ముందు నేర్పే హెచ్‌పీటీ-32 విమానం దగ్గరే వాడి ఫ్లయింగ్ ఆపేశారు, ఆ తర్వాత గ్రౌండ్ డ్యూటీకి వెళ్లాడు. "దీపక్ చేస్తారేంట్రా వీళ్లు?" అని మెల్లగా అడిగాడు. హెచ్‌పీటీ-32ని అందరం దీపక్ అనే అనేవాళ్లం. 2009లో వాటిని ఎగరనివ్వడం ఆపేశారు, 2013లో వాటి బదులు పిలాటస్ వచ్చింది, ఇప్పుడు దీపక్‌ని అడిగేవాళ్లెవరు? షాపుని కనుక్కుంటే, జాబితాలో లేదు గానీ మంచి ఫోటోలిస్తే ప్రయత్నిస్తాం అన్నారు. వాడి దగ్గరున్నది ఒక్కటే ఫోటో, అందులో విమానం సగమే కనిపిస్తుంది, మిగతా సగానికి మేమే అడ్డంగా నిలబడ్డాం.