వ్యాన్ ఓకే, డ్రైవర్ సూపర్, రూము మాత్రం వాళ్ల చేత బుక్ చేయించకండి: చెన్నై నుంచి తిరునల్లారు, నాగూరు, వేళాంగణి

చెన్నైలో ఒక ట్రావెల్స్ వాళ్ల దగ్గర 12 సీట్ల టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని తిరునల్లారు, నాగూరు, వేళాంగణి తిరిగొచ్చాం. వాళ్లతో డబ్బుల పంచాయితీ ఇంకా తెగలేదు కాబట్టి పేరు రాయడం లేదు. కానీ ఈ రూటుకి బండి ఎలా మాట్లాడుకోవాలని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకని ఏది బాగుంది, ఎక్కడ తేడా కొట్టింది అన్నీ రాసేస్తున్నా.

ముందు మేమెవరో చెప్పాలి, లేకపోతే ఈ రూటు ఎందుకో అర్థం కాదు. గుంటూరులో పాలిటెక్నిక్ కలిసి చదివిన బ్యాచ్. ఒకడు కాథలిక్కు, హాస్టల్లో ఉండగా ఫిబ్రవరి వస్తే మమ్మల్నందరినీ గుణదల తిరునాళ్లకి లాక్కెళ్లేవాడు, సెప్టెంబర్‌లో మాత్రం ఇంట్లోవాళ్లతో వేళాంగణి వెళ్లి గుండుతో దిగేవాడు. ఇంకొకడిది నాగూరు మొక్కున్న ముస్లిం కుటుంబం. మిగిలినవాళ్లలో ఇద్దరికి ఏలినాటి శని నడుస్తోందట, వాళ్లకి తిరునల్లారు. ఇక ఒకడున్నాడు, దేవుడూ లేడు గీవుడూ లేడు అంటూనే ప్రతిచోటా అందరికంటే ముందు చెప్పులు విప్పేస్తాడు. ఈ మూడూ పక్కపక్కనే ఉంటాయని, ఒకే బండిలో పోయిరావచ్చని అప్పట్నుంచి అనుకుంటూనే ఉన్నాం. ఉద్యోగాలు, పిల్లల ఫీజులు, ఒకడు దుబాయ్‌లో, ఒకడు డల్లాస్‌లో, ఇన్నాళ్లకి కుదిరింది.

బండి సంగతికొస్తే, వాళ్లు మొదట అంటగట్టబోయింది ఒక రెడీమేడ్ ప్యాకేజీ. కుంభకోణం చుట్టూ నవగ్రహాల గుళ్లు, వేళాంగణిలో ఒక రాత్రి, దారిలో నాగూరుకి 45 నిమిషాలు. ఆ 45 నిమిషాలు చూడగానే మావాడి మొహం మాడిపోయింది. ప్యాకేజీ వద్దు, కిలోమీటర్ లెక్కన ఇవ్వండి అని పట్టుబట్టాం. ఏసీ బండి, కిలోమీటరుకు 26 రూపాయలు, డ్రైవర్ బత్తా వేరే, టోల్, పర్మిట్ వేరే. కారైక్కాల్, తిరునల్లారు పుదుచ్చేరి కిందకి వస్తాయి, కాబట్టి తమిళనాడు పర్మిట్ ఒక్కటే ఉన్న బండికి ఆ పర్మిట్ డబ్బు తప్పదు, అది మోసం కాదు. అసలు మెలిక కనీస కిలోమీటర్లలో ఉంది. మనం తిరిగినా తిరక్కపోయినా రోజుకి 250 కిలోమీటర్లకి కట్టాల్సిందే. చెన్నై నుంచి వేళాంగణి దాదాపు 320 కిలోమీటర్లు, పోయే రోజు, వచ్చే రోజు లెక్క సరిపోతుంది, కానీ మధ్యలో నాగపట్నం చుట్టుపక్కల తిరిగే రోజు మీటర్ యాభై కూడా దాటదు, బిల్లు మాత్రం 250కే పడుతుంది. ఆ ఒక్క రోజుకి వేరే రేటు ముందే మాట్లాడుకోండి, బేరమాడితే ఇస్తారు, మాకిచ్చారు.

డ్రైవరన్న గురించి ఎంత చెప్పినా తక్కువే. తిరుపతి ట్రిప్పులు తోలి తోలి నేర్చుకున్న తెలుగు. చిదంబరం దాటాక తరంగంబాడిలో టీకి ఆపమంటే విసుక్కోకుండా కోట ముందు దాకా తీసుకెళ్లి ఆపాడు. 1620లో డెన్మార్క్ వాళ్లు కట్టిన కోట అది, సముద్రం పక్కనే. మాలో ఒక టీచర్ ఉన్నాడు, వాడు క్లాసు పీకకుండా ఉంటాడా. ఈ ఊరికి 1719లో వచ్చిన బెంజమిన్ షుల్ట్జ్ అనే పాద్రీ తర్వాత మద్రాసు వెళ్లాడట, తెలుగు నేర్చుకుని 1746లో జర్మనీలోని హాలే అనే ఊళ్లో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడట. మిగతావాళ్లం బజ్జీలు తింటూ విన్నాం.

తిరునల్లారు గురించి పెద్దగా రాయను. శనివారం మాత్రం పొరపాటున కూడా వెళ్లొద్దు. నలమహారాజుకి శని వదిలింది ఇక్కడేనని నమ్మకం, అందుకే నల తీర్థంలో నువ్వుల నూనె రాసుకుని మునుగుతారు. బండి దిగీ దిగగానే నూనె ప్యాకెట్ల వాళ్లు చుట్టుముడతారు, మొదటివాడు చెప్పిన రేటుకి కొనకండి. మా శనిగాళ్లిద్దరూ మునిగి పైకొచ్చేసరికి ఒకడికి ఆఫీసు నుంచి ఫోన్, "వెంటనే లాగిన్ అవ్వు" అని. గట్టు మీద కూర్చున్నవాళ్లం పడీపడీ నవ్వాం.

నాగూరులో అనుకున్నదానికంటే చాలాసేపు ఉన్నాం. షాహుల్ హమీద్ వలీ దర్గా, అయిదు మినార్లు, అన్నిటికంటే ఎత్తయినది 131 అడుగులు, దాన్ని కట్టించింది తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడు. లోపలికి వెళ్తుంటే రేకు బిళ్లలు అమ్ముతుంటారు, వాటి మీద ఇల్లు, పడవ, కాలు, చెయ్యి అచ్చుపోసి ఉంటాయి, ఎవరి మొక్కు ఏదైతే ఆ బిళ్ల. మావాడు ఇల్లు బిళ్ల కొన్నాడు, లోన్ తీరడానికట. పావురాలు కాళ్లకి అడ్డం పడుతుంటాయి. వాటి కథ వాడే చెప్పాడు. తంజావూరు అచ్యుతప్ప నాయకుడికి ఏ మందుకీ లొంగని జబ్బు చేస్తే, ఎవరో చేతబడి చేసి ఒక పావురానికి సూదులు గుచ్చి వదిలారని వలీ కనిపెట్టి, ఆ సూదులన్నీ తీసేయగానే రాజు కోలుకున్నాడని, ఆ కృతజ్ఞతతో ఇచ్చిందే ఈ స్థలమని. ఆ నాయక రాజులు మన తెలుగువాళ్లే. ఇక మన గుంటూరు జిల్లాలో నాగూర్ వలీ, నాగూర్ మీరా, నాగూర్ బీ అన్న పేర్లు ఎక్కడ చూసినా వినిపిస్తాయి, గాయకుడు మనో అసలు పేరు కూడా నాగూర్ బాబే. మావాడి నాన్న చివరిసారి ఈ దర్గాకి వచ్చినప్పుడు ఏ స్తంభం దగ్గర కూర్చున్నాడో వాడికి గుర్తుంది, అక్కడే కూర్చుని ఫాతిహా చదివించుకున్నాడు. మేం పక్కన కూర్చున్నాం. ఆలస్యమైందని డ్రైవర్‌కి ఫోన్ చేస్తే "సామి దగ్గర తొందర వద్దు సార్, మెల్లగా రండి" అన్నాడు. ప్యాకేజీ తీసుకుని ఉంటే ఆ పాటికి హారన్ కొడుతుండేవాళ్లు.

వేళాంగణి అక్కడికి దగ్గరే, నాగపట్నం దాటి కాస్త దూరం. తుఫానులో బతికి బయటపడ్డ పోర్చుగీసు నావికులు కట్టించిన గుడి అని చెప్తారు, 1962లో బసిలికా, అంటే పోప్ ఇచ్చే ప్రత్యేక చర్చి హోదా వచ్చింది. ఆగస్టు 29 నుంచి సెప్టెంబర్ 8 దాకా ఉత్సవాలు, ఆ రోజుల్లో బండి ఎక్కడో పెట్టి నడవాలి, పెద్దవాళ్లుంటే ఆ తేదీలు మానుకోండి. తలనీలాలు, కొబ్బరికాయలు, మాతకి చీరలు, అంతా మనకి అలవాటైన పద్ధతే. తెలుగులో పూజ కూడా ఉంటుంది, టైము అక్కడ బోర్డు మీద చూసుకోండి. మొక్కులు తీరినవాళ్లు ఇచ్చిన వస్తువులన్నీ ఒక మ్యూజియంలో పెట్టారు, వెండి కాళ్లు, చేతులు, ఇళ్ల బొమ్మలు, ఇంకా ఏవేవో. దేవుడు లేడన్నవాడు అందులోంచి అందరికంటే ఆలస్యంగా బయటికొచ్చాడు.

బసిలికా నుంచి పాత మాత కొలను దాకా ఇసుక దారి ఉంది, మొక్కున్నవాళ్లు మోకాళ్ల మీద నడుస్తారు. మా కాథలిక్కువాడికి మోకాళ్ల నొప్పులు, వద్దని వాళ్లావిడ వీడియో కాల్‌లో మరీ మరీ చెప్పింది. విన్నాడా? ఫ్యాంటు మోకాళ్ల దాకా మడిచి మొదలుపెట్టాడు. మేం చెరోపక్క నీళ్ల సీసాలు పట్టుకుని నడుస్తుంటే, వాడు జపమాల తిప్పుకుంటూనే మధ్యలో ఆగి "ఒరేయ్ మామా, వార్డెన్ సైకిల్ గాలి తీసింది నేను కాదురా, వీడు" అని పాత కేసు బయటపెట్టాడు. అలా మోకాళ్ల మీదే ఒప్పుకోళ్లన్నీ అయిపోయాయి. చివరికి లేవలేకపోతే దుబాయ్‌వాడు, శనిగాడు కలిసి లేపారు.

సరే, తేడాలు. బండిలో వెనక సీట్లకి ఏసీ గాలి రాదు, పొడుగ్గా ఉన్నవాళ్లకి చివరి వరుసలో కాళ్లు పట్టవు, సామాను ఎక్కువైతే ఒక సీటు పోయినట్టే, కాబట్టి 12 సీట్లంటే తొమ్మిది మంది అనుకోండి. మైకు, పాటలు బాగానే ఉన్నాయి. అసలు దెబ్బ రూముల దగ్గర. సముద్రం కనిపించే ఏసీ రూములని వాట్సాప్‌లో ఫొటోలు పంపి అడ్వాన్స్ కట్టించుకున్నారు, తీరా వెళ్తే సందులో మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ నీళ్ల ట్యాంకు, బాత్రూం తలుపుకి గడియ బదులు తాడు. మోకాళ్ల మీద నడిచొచ్చినవాడు ఆ మెట్లెక్కాడు. వేళాంగణిలో పుణ్యక్షేత్రం వాళ్ల సొంత కాటేజీలు ఉన్నాయి, పండగ రోజులు కాకపోతే అక్కడ ప్రయత్నించండి, లేదా వెళ్లి చూసుకుని రూము తీసుకోండి. ఊరంతా లాడ్జీలే.

వ్యాన్‌కి అయిదుకి మూడున్నర, డ్రైవరన్నకి అయిదుకి అయిదు, రూము బుకింగ్‌కి సున్నా. రూము రేటులో తేడా వెనక్కిస్తామని ఆఫీసువాళ్లు ఫోన్లో ఒప్పుకున్నారు, ఎప్పుడిస్తారంటే "మండే సార్" అంటున్నారు. ఇవాళ మండేనే, ఫోన్ ఎత్తడం లేదు.