మాల్టా సినిమాలు ఇంట్లో చూడటం: కొన్నేళ్ల అనుభవంతో ఒక సమీక్ష

మాల్టా సినిమా కావాలని దేశం పేరుతో వెతికితే ముందుగా కనిపించేది మాల్టా కాదు. రోమ్ కనిపిస్తుంది, ట్రాయ్ కనిపిస్తుంది, టర్కీ జైలు కనిపిస్తుంది. ‘గ్లాడియేటర్’ కోసం కొలోసియం సెట్టు వేసింది మాల్టాలోని ఫోర్ట్ రికాసోలి కోటలో. ‘మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్’లో ఇస్తాంబుల్ చెరసాలగా చూపించినది మాల్టా రాజధాని వల్లెట్టా కొసన ఉన్న ఫోర్ట్ సెంట్ ఎల్మో. 1980లో వచ్చిన ‘పొపాయ్’ కోసం యాంకర్ బే ఒడ్డున కట్టిన చెక్క ఇళ్ల ఊరు ఇప్పటికీ పర్యాటకుల సందడితో నిలిచి ఉంది. హిందీలో వచ్చిన ‘థగ్స్ ఆఫ్ హిందోస్థాన్’ ఓడలు కూడా అక్కడి నీళ్ల మీదే తేలాయి. మధ్యధరా సముద్రంలో మొత్తం కలిపి 316 చదరపు కిలోమీటర్ల ద్వీప దేశం, తెర మీద మాత్రం ఎప్పుడూ మరో దేశమే.

ఈ జాబితాలను దాటుకుని అసలు మాల్టా వాళ్లు తమ గురించి తాము తీసుకున్న సినిమాలను చేరుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఇప్పుడు కొన్నేళ్లుగా వాటిని వెతికి, అద్దెకు తీసుకుని, కొన్నిటిని మళ్లీ మళ్లీ చూస్తున్నాను. ఈ వెతుకులాటకు తగిన ఫలితం ఉందా అని ఎవరైనా అడిగితే, ఉంది అని గట్టిగా చెబుతాను. సినిమాలు తక్కువ. వాటిలో గొప్పవి ఇంకా తక్కువ. కానీ ఆ ఒకటి రెండింటి కోసమైనా ఈ శ్రమ పడవచ్చు.

సొంత సినిమాలు ఎందుకింత తక్కువ అన్నది ముందు తెలుసుకుంటే మంచిది. అక్కడి కల్కారా అనే ఊళ్లో సముద్రం ఒడ్డునే సినిమా షూటింగుల కోసం కట్టిన పెద్ద నీటి తొట్లు ఉన్నాయి. మొదటిది 1964లో కట్టారు. తొట్టి అంచు మీదుగా పొర్లే నీళ్లు వెనకున్న అసలు సముద్రంతో కలిసిపోయినట్టు కెమెరాకు కనిపిస్తాయి. ఓడ మునగాలన్నా, తుపాను రావాలన్నా నటీనటులను నడిసంద్రానికి తీసుకెళ్లే పని లేదు. దానికి తోడు అక్కడ ఖర్చు పెట్టే విదేశీ నిర్మాతలకు 40 శాతం వరకు వెనక్కి ఇచ్చే ప్రభుత్వ పథకం ఉంది. అందువల్ల సెట్లు కట్టేవాళ్లు, వడ్రంగులు, దీపాలవాళ్లు, కెమెరా సహాయకులు ఆ చిన్న దేశంలోనే బాగా తయారయ్యారు. వాళ్లలో చాలామందికి చేతినిండా పని దొరికేది మాత్రం పరాయి కథల మీదే. స్థానిక దర్శకులకు సాయపడే ఫిల్మ్ ఫండ్ 2008లో గానీ మొదలు కాలేదు. దేశ జనాభా అయిదు లక్షలు దాటి కొంతే కాబట్టి, టికెట్ల డబ్బుతోనే ఒక సినిమా గట్టెక్కడం కష్టం. ఈ లెక్క తెలిశాక, ఉన్న ప్రతి సినిమానూ కొంచెం గౌరవంగా చూడటం అలవాటైంది నాకు.

మొదట చూడాల్సింది ‘లుట్సు’. 2021లో వచ్చింది. దర్శకుడు అలెక్స్ కమిల్లేరి, మాల్టా మూలాలున్న అమెరికన్. లుట్సు అంటే అక్కడి సంప్రదాయ చెక్క పడవ. నీలం, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ పట్టీల రంగులు, ముక్కుకు రెండు వైపులా చెక్కిన కళ్లు. కథ ఆ పడవ మీద బతికే ఒక కుర్ర జాలరిది. పడవకు నీరు కారుతోంది. ఇంట్లో పసిబిడ్డ సరిగ్గా ఎదగడం లేదు, వైద్యానికి డబ్బు కావాలి. అత్తింటివాళ్లు కలిగినవాళ్లు, అల్లుడి మీద వాళ్లకు నమ్మకం లేదు. అటువైపు యూరోపియన్ యూనియన్ పథకం ఒకటి ఉంది: లైసెన్సు వదులుకుని పడవను అప్పగిస్తే సొమ్ము ఇస్తారు, పడవను మాత్రం ముక్కలు చేస్తారు. తాతల నాటి పడవ ఒక చేతిలో, బిడ్డ ఒక చేతిలో. సినిమా మొత్తం ఈ ఒక్క ముడి మీదే నడుస్తుంది.

ప్రధాన పాత్ర వేసిన జెస్మార్క్ షిక్లూనా నిజజీవితంలోనూ జాలరే. నటన నేర్చుకున్నవాడు కాదు. సన్‌డాన్స్ చిత్రోత్సవంలో అతనికి నటనకు ప్రత్యేక జ్యూరీ అవార్డు వచ్చింది. ఆ అవార్డు సంగతి తెలియకుండా చూసినా, తాడు పట్టుకునే తీరులో, మాట్లాడకుండా నిలబడే తీరులో అతను నిజం జాలరేనని తెలిసిపోతుంది. ఒక దృశ్యం గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. గాలానికి కత్తిచేప పడుతుంది. మన విశాఖ తీరంలోని కొమ్ముకోనాంలా ముక్కు ఈటెలా సాగిన పెద్ద చేప. అది వేట నిషేధ కాలం. చేప అప్పటికే చచ్చిపోయింది. బజారుకు తీసుకెళితే మంచి ధర పలుకుతుంది, ఇంట్లో డబ్బు అవసరం ఎంతో మనకు తెలుసు. పక్కనున్న తోటి జాలరి మాత్రం నిబంధన నిబంధనే అంటాడు. చచ్చిన చేపను తిరిగి నీళ్లలోకి జారవిడుస్తారు. సంగీతం లేదు, ఏడుపు లేదు. ఎవరికీ ఉపయోగపడని ఆ చేప బరువుగా కిందికి వెళ్లిపోతుంది. ఒక చట్టం కాగితం మీద ఎంత న్యాయమైనదైనా, పడవ మీద ఉన్నవాడి చేతుల్లోకి వచ్చేసరికి ఎలా మారుతుందో అంత తక్కువ నిడివిలో చూపించిన దృశ్యం ఈ మధ్య నేను మరొకటి చూడలేదు.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు ఒడ్డునే ఉంటాయి కదా. ఆ రోజుల్లో ఉప్పాడలోనో, నిజాంపట్నంలోనో జాలర్ల ఇళ్లు ఎలా గడుస్తాయో తెలిసినవారికి ఈ సినిమా ఏమాత్రం పరాయిగా అనిపించదు. చేపల సంతతి నిలవాలంటే నిషేధం ఉండాల్సిందే. కానీ ఆ భారం ఎవరి మీద ఎంత పడుతోందన్నది వేరే ప్రశ్న. ‘లుట్సు’ ఆ ప్రశ్నను వదిలిపెట్టదు. చేపల వేలంలో కష్టపడి తెచ్చిన సరుకుకు ధర కట్టే తీరు చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. అలాగని దర్శకుడు ఎవరినీ రాక్షసుడిగా చూపించలేదు. ముగింపు చెప్పను. గంటన్నర పైచిలుకు నిడివి ఉన్న ఈ సినిమాకు నేను ఇప్పటికీ తిరిగి వెళుతుంటాను. మళ్లీ చూసినప్పుడల్లా కథానాయకుడి మీద కంటే అతని భార్య మీద జాలి పెరుగుతోంది.

రెండోది ‘సిమ్షార్’. 2014, దర్శకురాలు రెబెక్కా క్రెమోనా. విదేశీ భాషా చిత్రాల విభాగంలో ఆస్కార్‌కు మాల్టా పంపిన మొదటి సినిమా ఇదే. 2008 జూలైలో నిజంగా జరిగిన ప్రమాదం దీనికి ఆధారం. సిమ్షార్ అనే చేపల పడవ సముద్రంలో పేలి మునిగిపోయింది. అందులో ఒకే కుటుంబానికి చెందిన మూడు తరాలవాళ్లు ఉన్నారు, చిన్న పిల్లవాడితో సహా. వాళ్లతో పాటు ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక కూలీ కూడా. రోజుల తరబడి నీళ్ల మీద తేలిన వాళ్లలో ప్రాణాలతో బయటపడింది ఒక్కరే. సినిమాలో దీనికి సమాంతరంగా మరో కథ నడుస్తుంది: వలసదారులను కాపాడిన ఒక సరుకుల ఓడను ఏ దేశమూ రేవులోకి రానివ్వదు. ఒక మాల్టా వైద్యుడు ఆ ఓడ మీద చిక్కుకుంటాడు.

ఈ రెండు కథలూ ఒకదానికొకటి ఎందుకు అవసరమో మొదటిసారి చూసినప్పుడు నాకు అంతగా పట్టలేదు, ఓడ మీద భాగం కాస్త ప్రసంగంలా అనిపించింది. ఇప్పటికీ ఆ భాగంలో కొన్ని సంభాషణలు వివరణ ఎక్కువైనట్టే ఉంటాయి. అయితే సముద్రంలో తేలుతున్న మనుషులను చూసి కూడా దాటిపోయే పడవ ఎందుకు దాటిపోతుందో అర్థం కావాలంటే ఆ రెండో కథ కావాలి. వలసదారులేమో అన్న భయం, దగ్గరికి వెళితే మన మెడకు చుట్టుకుంటుందన్న భయం మనుషులను ఎలా మారుస్తుందో అక్కడ తెలుస్తుంది. మాల్టాలో ఇప్పుడు భారతీయులు గణనీయంగా పనిచేస్తున్నారు. ఆసుపత్రుల్లో, హోటళ్లలో, టాక్సీల్లో. అక్కడికి ఉద్యోగానికి బయలుదేరే తెలుగువారు ఎవరైనా ఉంటే, ఏ బీచి వీడియో కంటే ముందు ఈ సినిమా చూడమంటాను. ఆ సమాజం బయటివాళ్లను చూసే చూపులో ఉన్న మంచీ చెడూ రెండూ ఇందులో ఉన్నాయి. ఒక హెచ్చరిక: పిల్లవాడి దృశ్యాలు చాలా బరువైనవి. పిల్లలతో కలిసి చూసే సినిమా కాదు.

ఈ రెండూ చూసి మనసు భారమైతే ‘కార్మెన్’ పెట్టుకోండి. వాలెరీ బుహాజార్ తీసింది, ప్రధాన పాత్ర నటాషా మెకెల్‌హోన్. 1980ల కథ. పదహారేళ్ల వయసు నుంచి చర్చి ఫాదరైన అన్నకు వండిపెడుతూ జీవితం గడిపేసిన స్త్రీ, అన్న చనిపోగానే రోడ్డున పడుతుంది. వెళ్లడానికి చోటు లేక చర్చిలోనే దాక్కుంటుంది. ఒకరోజు పాపాలు ఒప్పుకునే గదిలో ఫాదరు కూర్చోవాల్సిన చోట తను కూర్చుంటుంది. జాలీకి అవతల ఉన్న ఊరి ఆడవాళ్లకు ఈ సంగతి తెలియదు. వాళ్లకు ఆమె ఇచ్చే సలహాలు వింటుంటే ఊళ్లోని ఆడవాళ్ల కష్టాలన్నీ ఒక్కొక్కటిగా బయటపడతాయి. విడాకులు చట్టబద్ధం కావడానికి 2011 దాకా ఆగిన దేశమని గుర్తుంచుకుని చూస్తే ఆ మాటల విలువ ఇంకా పెరుగుతుంది. సినిమా ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉండటం నాకు లోటే. ఆ ఊరి ఆడవాళ్లు తమ భాషలో మాట్లాడుకుంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. అయినా ఎండలో మెరిసే తేనె రంగు సున్నపురాతి గోడలు, ఆ గోడల మధ్య ఒక మనిషి నెమ్మదిగా ఊపిరి పీల్చుకోవడం చూడటం హాయిగా ఉంటుంది.

మిగతావాటి గురించి క్లుప్తంగా. ‘ది బోట్’, 2018, విన్‌స్టన్ అజ్జోపార్డి దర్శకత్వం. ఒక్క మనిషి, ఒక్క పడవ, మాటలు దాదాపు లేవు. సబ్‌టైటిల్స్ బాధ లేకుండా చూడవచ్చు. మొదటి సగం ఉత్కంఠగా ఉంటుంది, తర్వాత ఆ బిగువు నిలవలేదు. ‘బ్లడ్ ఆన్ ది క్రౌన్’ 1919 జూన్‌లో జరిగిన అల్లర్లలో బ్రిటిష్ సైనికుల చేతిలో నలుగురు మాల్టా పౌరులు చనిపోయిన ఘటన మీద తీసింది. చరిత్ర తెలుసుకోవడానికి పనికొస్తుంది. సినిమాగా అది నన్ను కదిలించలేదు, పెద్ద విదేశీ నటుల ముఖాలు కథను మింగేశాయి. మార్టిన్ బొన్నిచి 2019లో ఒక ప్రసిద్ధ మాల్టా నవల ఆధారంగా తీసిన రాజకీయ కథాచిత్రం ఒకటి ఉంది, 1980ల నాటి పార్టీ కక్షల మీద. దాన్ని పూర్తిగా ఆస్వాదించాలంటే ఆ దేశపు రెండు ప్రధాన పార్టీల వైరం కొంత తెలిసి ఉండాలి. అందుకే దాన్ని చివరికి ఉంచుకోండి.

ఇక వెతికే పద్ధతి. దేశం పేరుతో వెతకవద్దు, దర్శకుల పేర్లతో వెతకండి. మాల్టా లిపిలో కొన్ని అక్షరాల మీద చుక్కలు, అడ్డగీతలు ఉంటాయి. చాలా యాప్‌లలో వాటితో కొడితే ఏమీ రాదు, వాటిని తీసేసి మామూలు అక్షరాలతో కొడితే వస్తుంది. సినిమా తీసిన సంవత్సరం కూడా జోడిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే ‘కార్మెన్’ పేరుతో లెక్కలేనన్ని చిత్రాలున్నాయి. నేను నెలవారీ చందాల కంటే ఒక్కో సినిమాకు అద్దె కట్టే పద్ధతినే ఎక్కువగా వాడుతున్నాను. చందా సేవల్లో ఇలాంటి చిన్న దేశాల సినిమాలు చెప్పాపెట్టకుండా మాయమవుతాయి. నేను వాడిన ఒక సేవలో సగం చూసి మర్నాటికి ఉంచుకున్న సినిమా తెల్లారేసరికి జాబితాలోనే లేదు. ఫిర్యాదు చేస్తే హక్కుల గడువు ముగిసిందన్నారు, అంతే.

సబ్‌టైటిల్స్ విషయంలో నిరాశ ఎక్కువ. తెలుగులో నాకు ఎక్కడా కనిపించలేదు, ఇంగ్లిష్‌తోనే సరిపెట్టుకోవాలి. దానికంటే ఇబ్బంది పెట్టేది మరొకటి ఉంది. ‘సిమ్షార్’లో, ‘లుట్సు’లో మనుషులు ఒక్కో చోట ఒక్కో భాష మాట్లాడతారు. జాలరి మాల్టా భాషలో, వలస కూలీతో విరిగిన ఇంగ్లిష్‌లో, మరోచోట అరబిక్‌లో. కింద అక్షరాలు మాత్రం అన్నిటికీ ఒకేలా నడుస్తాయి. ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడుతున్నారన్నది ఈ కథల్లో సగం కథ. కాబట్టి చెవి అప్పగించి చూడండి. ఫోను స్పీకరుతో కాకుండా ఇయర్‌ఫోన్లతోనో, టీవీలోనో చూస్తే ఆ తేడా తెలుస్తుంది. ‘లుట్సు’లో సంగీతం కంటే పడవ ఇంజను, నీటి చప్పుడు ముఖ్యం కాబట్టి ఈ జాగ్రత్త దానికి మరీ అవసరం.

కొత్తగా మొదలుపెట్టేవారు ‘లుట్సు’, ఆ తర్వాత ‘కార్మెన్’, కాస్త విరామం ఇచ్చి ‘సిమ్షార్’ అన్న వరుసలో చూస్తే బాగుంటుంది. నేను మాత్రం ఇప్పుడు కమిల్లేరి తర్వాత తీసిన ‘జెయ్తూనే’ కోసం చూస్తున్నాను. మాల్టా పల్లెల్లో గిటార్లతో పాడే జానపద గానం చుట్టూ అల్లిన కథ అది. అద్దెకు రాగానే చూస్తాను.