ఆబిడ్స్ సందులో పాత రికార్డుల కొట్టు: వినడానికి వెళ్లండి, కొనేముందు చూసుకోండి

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు తిరగేసి, ఓ ఇరానీ చాయ్ తాగి వెనక సందులోని ఈ కొట్టుకెళ్లా. బోర్డు లేదు. మెట్లెక్కుతుంటేనే పాత అట్టల వాసన.

ఇక్కడ అసలు సరుకు కొట్టు నడిపే చాచా చెవులే. ‘బీచ్ బాయ్స్ ఉన్నాయా చాచా?’ అని ఆ అమెరికన్ బ్యాండ్ రికార్డుల కోసం అడిగితే ముందు రాక్ అండ్ రోల్ గాయకుడు చక్ బెర్రీని తిప్పారు. 1958 నాటి ‘స్వీట్ లిటిల్ సిక్స్‌టీన్’. అరనిమిషం కాగానే ముల్లు ఎత్తేసి, బీచ్ బాయ్స్ వాళ్ల 1963 నాటి ‘సర్ఫిన్ యూఎస్ఏ’ పెట్టారు. బాణీ అదే! మాటలే వేరు. దాని రచయితగా తర్వాత బెర్రీ పేరు కూడా ఎక్కింది.

‘ఇది ఎత్తుకొచ్చిందే కదా?’ అన్నా. ఆయన నవ్వి ఇంకో అట్ట లాగారు. బీటిల్స్ 1965 నాటి ఆల్బమ్ ‘రబ్బర్ సోల్’ విని పట్టుదల పుట్టి బీచ్ బాయ్స్‌లోని బ్రయన్ విల్సన్ 1966లో ‘పెట్ సౌండ్స్’ చేశాడు. అది విని బీటిల్స్ వాళ్లు 1967లో ‘సార్జెంట్ పెప్పర్స్’తో వచ్చారు. ఎదురింటి ముగ్గు చూసి మా అమ్మ ఇంకో వరస చుక్కలు పెంచేది, అచ్చం అలాగే.

ఇక రేట్లు. బేరం లేదు. పద్నాలుగు వందలు పోసి తెచ్చుకున్న రికార్డు రెండోవైపు గీత పడి ఒకే ముక్క దగ్గర కొట్టుకుంటోంది. తిరిగి తీసుకోనన్నారు. నాకు ఒళ్లు మండింది. అయినా వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తా, ఈసారి రెండువైపులా తిప్పించాకే డబ్బులిస్తా.