ముసలి పిల్లి థైరాయిడ్‌కు కార్బిమజోల్ గోలీలు: నల్లగొండలో వాడుతున్న అనుభవం

కార్బిమజోల్ మనుషుల థైరాయిడ్ కోసం తయారైన మందు. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ చుట్టుపక్కల మందుల షాపుల్లో డాక్టరు చీటీ చూపిస్తే 5 మిల్లీగ్రాముల గోలీలు సులభంగానే దొరుకుతాయి, ధర కూడా మధ్యతరగతి ఇంటికి భారం కాదు. వయసు పైబడిన పిల్లుల్లో థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే పశువైద్యులు దీన్నే రాస్తారు. పిల్లి ఒంట్లో ఇది మెథిమజోల్‌గా మారి, గ్రంథి కొత్తగా హార్మోన్ తయారుచేయకుండా అడ్డుకుంటుంది.

మా పిల్లి తార ఎప్పటికన్నా ఎక్కువ తింటున్నా వెన్నెముక తేలుతోందని మొదట గమనించింది మా అత్తమ్మ. నీళ్లు ఎక్కువ తాగడం, రాత్రిళ్లు కారణం లేకుండా అరుస్తూ తిరగడం కూడా ఆమే గుర్తుపట్టారు. పశువుల దవాఖానలో డాక్టరు గారు మెడ తడిమి గడ్డ ఉందన్నారు, గుండె చాలా వేగంగా కొట్టుకుంటోందన్నారు. నూటికి 95కు పైగా పిల్లుల్లో ఇది క్యాన్సర్ కాని గడ్డేనని ఆయన చెప్పడంతో ఇంటిల్లిపాదికీ ధైర్యం వచ్చింది.

మందు దొరికినంత తేలికగా పరీక్ష జరగకపోవడమే మా ఊళ్లో అసలు ఇబ్బంది. తార రక్తాన్ని మనుషులకు పరీక్షలు చేసే ఒక ల్యాబ్‌కు పంపితే, టి4 (థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్) విలువ పక్కన ‘నార్మల్’ అని అచ్చువేసి ఇచ్చారు. మనుషులకు డెసిలీటరుకు సుమారు 5 నుంచి 12 మైక్రోగ్రాములు మామూలే, కానీ పిల్లికి నాలుగున్నర దాటితేనే ఎక్కువ కింద లెక్క. అంటే జబ్బుతో చిక్కిపోతున్న పిల్లి కూడా మనుషుల కొలతలో ఆరోగ్యంగానే కనిపిస్తుంది. టి4 అణువు మనిషికీ పిల్లికీ ఒకటే కనుక అంకె పనికొస్తుంది, పక్కన వేసిన వ్యాఖ్య పనికిరాదు. థైరాయిడ్‌ను పనిచేయించే మరో హార్మోన్ టి.ఎస్.హెచ్. మాత్రం జంతువును బట్టి మారుతుంది, అందువల్ల మనుషుల కిట్‌తో చూసిన ఆ అంకెను నమ్మకూడదు. డాక్టరు గారు ‘నార్మల్’ అన్న మాట కొట్టేసి పిల్లుల విలువలు రాసి ఇవ్వకపోతే వైద్యం అక్కడితో ఆగిపోయేది. ఈ జిల్లాలో పిల్లిని పెంచేవాళ్లందరికీ ఈ సంగతి తెలియాలని నా కోరిక.

మందు పనితనం గురించి చెప్పాలంటే, నాకు పూర్తి తృప్తి ఉంది. కొద్ది వారాల్లోనే తార అరుపులు తగ్గాయి, తరువాత మెల్లగా ఒళ్లు పట్టింది. మొదట్లో వాంతులు, తిండి మీద అయిష్టం కనిపించాయి. మోతాదు తగ్గించి మళ్లీ నిదానంగా పెంచితే సర్దుకున్నాయి. ముఖం, మెడ రక్తం వచ్చేలా గోక్కోవడం, కళ్లు పచ్చబడటం, తెల్ల రక్తకణాలు పడిపోవడం అరుదే కానీ ప్రమాదకరం, ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే వస్తాయి. అలాంటివి కనిపిస్తే మందు ఆపి వెంటనే దవాఖానకు వెళ్లాలి. సాధారణంగా రెండు, మూడు వారాలకు మళ్లీ టి4 చూసి మోతాదు సరిచేస్తారు. పక్కింటివారి చీటీ చూసి మోతాదు ఊహించి వేయడం ఎంతమాత్రం తగదు.

టి4తో పాటు క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్త పరీక్ష) తప్పక చూపించాలి. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నప్పుడు మూత్రపిండాలకు రక్తం ఉరకలెత్తి పారుతుంది కాబట్టి వాటి బలహీనత బయటపడదు. మందు పనిచేయడం మొదలయ్యాకే అది కనిపిస్తుంది. మందే కిడ్నీలను పాడుచేసిందని కొందరు మానేస్తారు, నిజానికి అది లోపల ముందే ఉన్న జబ్బు. ఈ జబ్బులో బీపీ పెరిగితే చూపు పోయే ప్రమాదం కూడా ఉంది. పిల్లి బీపీ కొలిపించడానికి మేము దాదాపు 100 కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాద్ వెళ్లవలసి వచ్చింది, అయినా ఆ ప్రయాణం అవసరమైనదే.

గోలీని నలగ్గొట్టి పాలలో కలిపితే తార ముట్టదు. ఉడికించిన కోడి కార్జం ముక్కలో దాచి పెడితే తార మింగేస్తుంది. పొడి చేతికి అంటకుండా చూసుకోవాలి, పెట్టాక చేతులు కడుక్కోవాలి. కడుపులో బిడ్డ ఉన్నవారు ఈ గోలీని, పిల్లి మలమూత్రాలను ముట్టకూడదు. మా ఆడపడుచు పురిటికి వచ్చినప్పుడు ఆ పని పూర్తిగా నేనే చూసుకున్నాను.

ఈ మందు గడ్డను కరిగించదు, హార్మోన్‌ను మాత్రమే అదుపులో ఉంచుతుంది, కాబట్టి జీవితాంతం వేయాలి. జబ్బును మొదలంటా తీసేవి రేడియో అయొడిన్ (రేడియోధార్మిక అయొడిన్‌తో చేసే వైద్యం), శస్త్రచికిత్స. మొదటిది మాకు అందుబాటులో లేదు, రెండోదానికి తార వయసులో మత్తు ఇవ్వడానికి డాక్టరు గారు ఒప్పుకోలేదు. అయొడిన్ తగ్గించిన ప్రత్యేక ఆహారం ఉంది కానీ, అది తప్ప మరేదీ తినకూడదు. ఎలుకలు పట్టి, నాలుగిళ్ల పాలు తాగే మన పిల్లులకు ఆ నియమం సాగదు. పూటపూటకూ గోలీ పెట్టే ఓపిక, పరీక్షలకు తిప్పే వీలు ఉన్న ఇంటికి కార్బిమజోల్‌నే సిఫారసు చేస్తాను.