ఒట్టో, కార్ల్, హూగో: పుట్టబోయే బాబుకు ఏ పేరు మేలు?

మా చెల్లెలి కూతురు జర్మనీలో, లైప్‌జిగ్‌లో ఉంటుంది. అల్లుడు ఆ దేశం వాడే. పుట్టేది బాబు అని డాక్టరు చెప్పేశారు, అక్కడ అలా చెప్పడం నేరం కాదు. "పెద్దమ్మా, మూడు పేర్ల దగ్గర ఆగిపోయాం. ఒట్టో, కార్ల్, హూగో. ఏది బాగుంటుందో నువ్వు చెప్పు" అంది. ఒట్టో మా అల్లుడి ముత్తాత పేరు. మిగతా రెండూ వాళ్లకు వినసొంపుగా తోచినవి. బిడ్డ పేరు కదా, నోటికి వచ్చింది చెప్పలేక నెల రోజులు ఈ మూడింటి వెనకే తిరిగాను.

పాత జర్మానిక్ పేర్లు చాలావరకు రెండు మాటల జంటలు. ఫ్రీడ్రిష్‌లో శాంతీ ఏలుబడీ, లూడ్విగ్‌లో కీర్తీ యుద్ధమూ ఉన్నాయి. వెంకటేశ్వర్లును మనం వెంకట అన్నట్టు, అలాంటి జంటల్లోంచి ఒక ముక్క తీసుకుని పిలుచుకున్న పొట్టి పేర్లే ఒట్టో, హూగో. కార్ల్ మాత్రం మొదటి నుంచీ ఒంటి మాటే.

ఇప్పుడీ ముసలి పేర్లు ఎందుకు తిరిగొచ్చాయో కూడా అర్థం చేసుకోవాలి. అక్కడ ప్రతి పేరుకూ ఒక వయసు ఉంటుంది. హోర్స్ట్, గుంటర్, ఊవె అనగానే డెబ్బై, ఎనభై ఏళ్ల పెద్దమనిషి కళ్లముందు నిలబడతాడు. 1991లో జర్మనీలో మగపిల్లలకు అన్నిటికంటే ఎక్కువగా పెట్టిన పేరు కెవిన్, అది ఐర్లండు నుంచి వచ్చింది. ఆ మోజు తీరాక తల్లిదండ్రులు వెనక్కి తిరిగారు. అయితే తాతల దగ్గర ఆగకుండా ముత్తాతల దాకా వెళ్లారు. మనం నేరుగా తాత పేరే పెట్టేస్తాం. మామగారి పేరుతో బిడ్డను కసరలేక కోడలు బుజ్జీ అనో చిన్నా అనో పిలుచుకుంటుంది. వాళ్లకు ఆ ఇబ్బంది లేదు, కానీ ఒక పేరు మళ్లీ లేతగా వినిపించాలంటే దాన్ని మోసిన తరం దాటిపోవాలి.

హూగో సంగతి తొందరగా చెప్పేస్తాను. పాత జర్మన్ మాట 'హుగు' నుంచి వచ్చింది, అర్థం మనసు, తలపు. మూడింటిలో నాకు బాగా నచ్చిన అర్థం ఇదే. 987లో ఫ్రాన్సు గద్దెనెక్కిన హ్యూ కాపెట్‌దీ ఈ పేరే. కానీ ఊరు మారితే పలుకు మారిపోతుంది: జర్మన్లకు హూగో, ఇంగ్లిషువాళ్లకు హ్యూగో, ఫ్రెంచివాళ్లకు యూగో, స్పెయిన్‌లో ఊగో. పైగా స్పెయిన్‌లో, స్వీడన్‌లో ఇది ఇప్పుడు ముందు వరుసలో ఉన్న పేరు, జర్మనీలోనూ ఊపు మీదుంది. బళ్లో "హూగో" అంటే ఇద్దరు ముగ్గురు తలెత్తుతారేమో. అక్కడ హోటల్లో హూగో అని అడిగితే పుదీనా వేసిన ఒక మద్యం తెచ్చిస్తారు. అది 2005 ప్రాంతంలో ఇటలీలోని దక్షిణ టిరోల్‌లో పుట్టింది. బిడ్డకు అదొక చికాకు.

కార్ల్ పెద్ద పేరు. అసలు అర్థం మనిషి, స్వతంత్రుడు. 800 సంవత్సరం క్రిస్మస్ నాడు రోములో కిరీటం పెట్టించుకున్న కార్ల్ చక్రవర్తి ప్రతాపం ఎంతటిదంటే, స్లావ్ భాషల్లో ఆయన పేరే 'రాజు' అనే మాట అయింది: చెక్‌లో క్రాల్, పోలిష్‌లో క్రుల్, రష్యన్‌లో కరోల్. ఇంగ్లిషులో అదే మూలం నుంచి వచ్చిన 'చర్ల్' మాత్రం దిగజారి మోటువాడు అనే అర్థానికి వచ్చింది. తెలుగు నిఘంటువు చేసి వేమన పద్యాలను వెలికితెచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొరదీ ఇదే పేరు, కార్లే ఇంగ్లిషులో చార్లెస్. ఆ ఒక్క కారణానికి నా మనసు చాలా రోజులు కార్ల్ వైపే లాగింది.

అయినా వద్దన్నాను. జర్మనీలో కార్ల్ ఎప్పుడూ పూర్తిగా మరుగున పడలేదు. కార్ల్‌హైన్జ్ లాంటి జంటల్లో తాతల తరం దాకా నడుస్తూనే వచ్చింది, అందుకే ఆ తరం వాసన దీనికి కొంచెం అంటింది. వాళ్లుండేది పాత తూర్పు జర్మనీలో. పక్కనున్న కెమ్నిట్స్ నగరం 1953 నుంచి 1990 దాకా కార్ల్ మార్క్స్ నగరమే. ఆ మార్క్స్ నీడ అక్కడా ఉంది, మన ఊళ్లోనూ ఉంది. ఇక మా అమ్మ నోట్లో కార్ల్ నిలవదు, 'కార్లు' అవుతుంది.

ఒట్టోకీ మన నోటితో చిక్కుంది, దాచను. జర్మన్లు మొదటి అక్షరాన్ని కురచగా, ట మీద ఒత్తు లేకుండా పలుకుతారు. మనవాళ్లు ఆటో అంటారు, లేదా ఒట్టి అన్న మాట గుర్తొస్తుందంటారు. అసలు అర్థం దానికి పూర్తిగా ఎదురు: 'ఒట్' అంటే సొత్తు, సిరి.

లైప్‌జిగ్ నుంచి రైల్లో గంటన్నర లోపే మాగ్డెబుర్గ్. 955లో లెష్‌ఫెల్డ్ దగ్గర హంగేరియన్ల దండును ఓడించి, 962లో చక్రవర్తి అయిన మొదటి ఒట్టో సమాధి అక్కడి పెద్ద చర్చిలో ఉంది. ఆయన కొడుకూ, మనవడూ కూడా ఒట్టోలే. గాలి తీసేసిన రెండు రాగి అర్ధగోళాలను గుర్రాలు కూడా విడదీయలేవని చూపించిన ఒట్టో ఫోన్ గెరికెదీ ఆ ఊరే, అక్కడ మేయరుగా కూడా చేశాడు. ఈ ఇద్దరినీ తలుచుకుని ఆ ఊరు తనను 'ఒట్టో నగరం' అని చెప్పుకుంటుంది. బిడ్డ నడక నేర్చాక తీసుకెళ్లి చూపించడానికి దగ్గరలో ఇంత ఉంది.

జర్మనీని ఒక్కటి చేసిన ఛాన్సలర్ ఒట్టో ఫోన్ బిస్మార్క్ కాలంలో ఈ పేరు బాగా వెలిగింది. అదే దీని బరువు కూడా. 1884-85లో ఆఫ్రికాను యూరప్ దేశాలు పంచుకోవడానికి కూర్చున్న బెర్లిన్ సమావేశం జరిగింది బిస్మార్క్ ఇంటనే. అది మరచిపోమని నేను అనను. కానీ రెక్కలు కట్టుకుని గాలిలో తేలుతూ 1896లో పడి ప్రాణం విడిచిన లిలియెన్‌తాల్ కూడా ఒట్టోనే. 1938లో యురేనియం పరమాణువు చీలుతుందని కనిపెట్టిన హాన్ కూడా ఒట్టోనే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇది ముసలిపేరై మూలపడింది. మనం సగటు మనిషి అనే చోట జర్మన్లు 'ఒట్టో నోర్మాల్‌ఫెర్‌బ్రౌఖర్' అంటారు, అంటే మామూలు వినియోగదారుడైన ఒట్టో. అంత సాదా పేరైపోయింది. ఈ శతాబ్దంలో మళ్లీ చిగురించింది, అయినా హూగోలా స్పెయిన్ దాకా పాకలేదు. నాకు కావలసింది అదే. పిలిస్తే అందరికీ తెలిసిన పేరై ఉండాలి, పలికేవాడు మాత్రం మనవాడొక్కడే కావాలి. ముత్తాత పేరు కాబట్టి మోజుకొద్దీ పెట్టారన్న మాటా రాదు.

"ఒట్టో పెట్టండి తల్లీ, పక్కన మీ నాన్న పేరు రెండో పేరుగా చేర్చండి" అని చెప్పాను. అక్కడ పుట్టిన వారంలోపు రిజిస్ట్రారు ఆఫీసులో జననం నమోదు చేయించాలి, పేరు చెప్పడానికి మాత్రం నెల గడువు ఉందట. మన బారసాల ఇరవై ఒకటో రోజున కదా, సరిపోతుంది. పళ్లెంలో బియ్యం పరిచి ఉంగరంతో పేరు రాయాల్సింది అల్లుడు. అక్షరాలు దిద్దిస్తున్నానని నిన్న ఫోన్లో చెప్పింది. 'ఒ' వచ్చేసిందట, 'ట్టో' దగ్గర ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇంకా తికమకపడుతున్నాడట.