స్పీకర్ ప్రొటెక్షన్ బోర్డు: మా రామమందిరం సెట్‌లో కొన్నేళ్లు వాడాక

ముందే చెప్పేస్తాను. ఆంప్లిఫయర్ పాడైనప్పుడు స్పీకర్ మాడిపోకుండా కాపాడే ఈ బోర్డు రెండు మూడు వందల రూపాయలకు దొరుకుతుంది, కొనాల్సిన వస్తువే. కానీ కొన్నది కొన్నట్టు బిగిస్తే సగం పనే చేస్తుంది.

మాది విజయనగరం నుంచి గజపతినగరం వెళ్లే దారిలో ఒక ఊరు. రామమందిరంలో భజనలకీ, శ్రీరామనవమికీ, కార్తీక మాసానికీ వాడే మైక్ సెట్ నేనే చూసుకుంటాను. లోపల 5200-1943 ట్రాన్సిస్టర్ల స్టీరియో ఆంప్లిఫయర్ బోర్డు, 35-0-35 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్య తీగకి అటూ ఇటూ 35 వోల్టులు). బయట 12 అంగుళాల స్పీకర్లున్న రెండు బాక్సులు. ఈ 5200 బోర్డులు మన వైపు ఏ మెకానిక్ షాపులోనైనా దొరుకుతాయి, బాగానే పాడతాయి. వచ్చిన చిక్కల్లా, ఒక్క ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే లోపలి డీసీ నేరుగా స్పీకర్ మీదికి వచ్చేస్తుంది.

అదెంత ప్రమాదమో లెక్క వేసి చూడండి. 35 వోల్టుల ఏసీని డీసీ చేస్తే దాదాపు 49 వోల్టులు అవుతుంది. 8 ఓముల స్పీకర్ కాయిల్‌ని మీటరుతో కొలిస్తే 6 ఓముల దగ్గర చూపిస్తుంది. అంటే సుమారు 8 ఆంపియర్లు, 400 వాట్లు, అదంతా వేడే. పాట వస్తున్నప్పుడు వాట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి, కోన్ (స్పీకర్ ముందు ఊగే గిన్నె లాంటిది) ఆడుతుంటే కాయిల్‌కి కాస్త గాలి కూడా తగులుతుంది. డీసీ కొడితే కోన్ ఒక పక్కకి నెట్టుకుపోయి అక్కడే బిగుసుకుంటుంది, కాయిల్ మాడుతుంది. 5 ఆంపియర్ల ఫ్యూజు ఉంది కదా అనుకోవద్దు. 8 ఆంపియర్లకి అది తాపీగా పోతుంది. కాయిల్ అంతసేపు ఆగదు.

ఈ బోర్డుల్లో ఎక్కువ వాటిల్లో ఉండేది యూపీసీ1237 అనే చిప్పు. ఆంప్లిఫయర్ ఆన్ చేశాక కొన్ని సెకన్లు ఆగి రిలేని, అంటే కరెంటుతో కలిసీ విడిపోయీ స్పీకర్ తీగని కలిపే స్విచ్చుని, కలుపుతుంది, అందుకే స్విచ్ వేయగానే వచ్చే 'థప్' చప్పుడు బాక్సుల దాకా రాదు. ఔట్‌పుట్‌లో డీసీ కనిపిస్తే రిలేని వదిలేస్తుంది. కరెంటు పోయినా వెంటనే వదిలేస్తుంది, కాకపోతే దీనికి బోర్డుకి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఏసీ ఇవ్వాలి. కొందరు ఆంప్లిఫయర్ డీసీ నుంచే తీగ లాగేస్తారు. అప్పుడు పెద్ద కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా బోర్డుకి కరెంటు పోయిన సంగతే తెలియదు. 12 వోల్టుల వేరే వైండింగ్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కట్టించుకోవడం మేలు.

దీని విలువ తెలిసింది ఒక నవమి రాత్రి. భజన మంచి ఊపులో ఉండగా రెండు బాక్సులూ టక్కుమని ఆగిపోయాయి. "ఏటయిందిరా, పాట ఆగిపోనాది" అని పెద్దాళ్లు కేకలు. మైకు లేకుండానే పూజ కానిచ్చాం. మర్నాడు విప్పి చూస్తే ఎడమ ఛానల్లో రెండు ట్రాన్సిస్టర్లు పోయాయి, స్పీకర్‌కి మాత్రం ఏమీ కాలేదు. ట్రాన్సిస్టర్లు మార్చడం ఒక పూట పని. మంచి స్పీకర్‌కి కాయిల్ కట్టించినా మునుపటి గొంతు రాదని నా అభిప్రాయం.

అయితే ఆ రాత్రి బోర్డు పనిచేయడానికి కారణం టౌన్లో నేను సామాన్లు కొనే మెకానిక్ ముందే చెప్పిన మాట. "మేస్టారూ, దీన్నిలాగే బిగిస్తే డీసీ కొట్టినప్పుడు రిలే అతుక్కుపోద్ది" అన్నాడు. నిజమే. రిలే మీద చదివితే 250 వోల్టుల ఏసీ, 30 వోల్టుల డీసీ అని ఉంటుంది. ఏసీలో కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి కాంటాక్టులు విడిపోయేటప్పుడు వచ్చే మంట ఆరిపోతుంది. 49 వోల్టుల డీసీలో ఆ సున్నా లేదు. కాంటాక్టులు విడిపోయినా మధ్యలో మంట నిలబడి, స్పీకర్‌కి కరెంటు పోతూనే ఉంటుంది.

దీనికి మందు బోర్డులోనే ఉంది. చౌక బోర్డుల్లో రిలే మూడో కాంటాక్టు, అంటే రిలే వదిలినప్పుడు కలిసి ఉండే ఎన్‌సీ, ఊరికే వదిలేస్తారు. ఆంప్లిఫయర్‌ని ఎన్ఓకి (రిలే పట్టినప్పుడు కలిసే కాంటాక్టు), స్పీకర్‌ని కామన్‌కి (మధ్యలో అటూ ఇటూ కదిలేది), ఎన్‌సీని గ్రౌండ్‌కి (ఆంప్లిఫయర్ సున్నా వోల్టుల తీగ) మార్చి కలిపితే, రిలే వదిలినప్పుడు స్పీకర్ రెండు తీగలూ గ్రౌండ్ మీదే ఉంటాయి. మంట లేచినా ఆ కరెంటు స్పీకర్‌లోంచి పోకుండా గ్రౌండ్‌కి పోతుంది, సప్లై ఫ్యూజు ఎగిరిపోతుంది. రెండు ట్రాక్‌లు కోసి నాలుగు తీగలు అతికితే సరి.

బిగించే ముందు 9 వోల్టుల బ్యాటరీతో పరీక్షించండి. ఆంప్లిఫయర్ కలపకుండా, బోర్డు ఇన్‌పుట్‌కి బ్యాటరీ పెడితే సెకనులోపు రిలే వదలాలి. తీగలు తిప్పి పెట్టినా వదలాలి. నేను కొన్నవాటిలో ఒకటి ప్లస్‌కి వదిలేది, మైనస్‌కి కదిలేది కాదు.

ఇక ఇది చేయని పని. ఎవరో మైకు నోట్లో పెట్టుకుని అరుస్తూ వాల్యూమ్ చివరిదాకా తిప్పితే ఆంప్లిఫయర్ క్లిప్ అవుతుంది, అంటే దాని శక్తికి మించి సిగ్నల్ కొసలు తెగిపోతాయి, ముందు ట్వీటర్ (సన్న స్వరాల చిన్న స్పీకర్) పోతుంది. అందులో డీసీ లేదు కాబట్టి బోర్డు చూస్తూ ఊరుకుంటుంది. అక్కడ మనిషి చెయ్యే ప్రొటెక్షన్.

రిపేరు చేసిన ఆంప్లిఫయర్‌ని నేరుగా ప్లగ్గులో పెట్టకండి. 100 వాట్ల పాతకాలం ఫిలమెంట్ బల్బుని సీరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే బాగున్నట్టు, వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. లోపల చేయి పెట్టే ముందు కెపాసిటర్లని రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేయండి, స్క్రూడ్రైవర్‌తో కాదు.

మన ఊళ్లలో కరెంటు సంగతి వేరే చెప్పాలా? తుఫాను గాలికి లైన్లో న్యూట్రల్ తెగితే 230 రావాల్సిన చోట 400 దాకా రావచ్చు. ఈ బోర్డు దాన్ని ఆపలేదు. అందుకే హై-లో కట్, టైమ్ డిలే రెండూ ఉన్న స్టెబిలైజర్ వెనకే సెట్ పెట్టాను. గాలివాన రోజున ప్లగ్గే పీకేస్తాను.

హమ్ (గుయ్‌మనే చప్పుడు) వస్తోందని ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. షాక్ కొట్టేది పందిట్లో తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి ఇనప మైకు పట్టుకునే మనుషులకి. మిక్సర్‌కీ, ఆంప్లిఫయర్‌కీ ఒకే ప్లగ్ బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. అప్పటికీ హమ్ పోకపోతే మధ్యలో ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి.

ఈ మధ్య తక్కువ వాల్యూమ్‌లో ఒక ఛానల్ గరగరలాడితే రిలే మార్చాను. కాంటాక్టులు నల్లబడితే గరుకు కాగితంతో రుద్దేవాళ్లున్నారు, రుద్దితే పైపూత పోయి ఇంకా తొందరగా పాడవుతాయి. కొత్త రిలే వేసుకోవడమే నయం. కారు ఆంప్లిఫయర్లూ, చిన్న క్లాస్-డీ బోర్డులూ వాడేవాళ్లు మాత్రం ఈ ప్రొటెక్షన్ బోర్డు కొనొద్దు. వాటిల్లో చాలావాటికి స్పీకర్ తీగలు రెండింటి మీదా సగం సప్లై డీసీ ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి ఇది రిలేని కలపనే కలపదు. ఎన్‌సీని గ్రౌండ్‌కి కలిపి ఉంటే ఆ తీగలు గ్రౌండ్‌కి తగిలి ఆంప్లిఫయర్ కూడా పోవచ్చు.